నెలసరి రోజున నానక్‌రామ్‌గూడ కొలనుకు

జనగామలో శనివారం పొద్దున ఏడు గంటల బండి ఎక్కేటప్పుడు మా శ్రావణి ముఖం కళకళలాడుతోంది. ఆలేరు దాటేసరికి ఆ కళంతా దిగిపోయింది. బాత్‌రూమ్‌కని వెళ్లి వచ్చి, నా పక్కన ఒదిగి కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి "అత్తమ్మా, అయింది" అంది. ఏమయిందని అడగనక్కరలేదు. ఆడవాళ్ల మధ్య ఆ మాటకు ఒకటే అర్థం.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. శ్రావణి మా అన్న కూతురు. డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా జనగామలో ఒక బట్టల దుకాణంలో చీరలు మడత పెడుతోంది. ఆ పనితో దానికి ప్రాణం విసిగిపోయింది. దానికి బాగా వచ్చిన విద్య ఒక్కటే, ఈత. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు గానీ, మా అన్న దాని ఐదో ఏట నడుముకు మోకు కట్టి వ్యవసాయ బావిలో దింపాడు. వేసవి సెలవులకు నేను వెళ్లినప్పుడల్లా అది దూకడం, నల్లటి నీళ్లు దాని నెత్తిమీద మూసుకోవడం, నా గుండె గుభేలుమనడం, కాసేపటికి గుప్పెట్లో బావి అడుగు మట్టి పట్టుకుని అది పైకి తేలి పళ్లికిలించడం, ఇదే తంతు. మా వైపు పిల్లలు అడుగు దాకా మునిగామని రుజువు చూపడానికి ఆ మట్టి తెస్తారు. నాకు ఈత రాదు. బడిలో తెలుగు పాఠాలు చెప్పుకునే దాన్ని, నాకు నీళ్లంటే బిందెలోవే.

నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయం ఉంది. అక్కడి ఈతకొలనులో ఆడవాళ్ల వేళల్లో కాపలా ఉండి, ఎవరైనా మునిగితే తీయడానికి ఒక అమ్మాయి కావాలని, అక్కడ కారు నడిపే మా ఊరాయన కబురు పంపాడు. శనివారం సాయంత్రం వచ్చి నీళ్లు చూసుకోవచ్చు, ఆదివారం పొద్దున పరీక్ష. ఆ ఒక్క రోజే. ఆ తేదీ దాని నెలసరి రోజుల మీదే పడింది.

దానికి మా వదిన, అంటే శ్రావణి తల్లి, ఉపాయం ఆలోచించింది. పెళ్లిళ్లకూ వ్రతాలకూ అడ్డం రాకుండా ఆడవాళ్లు నెలసరి వెనక్కి జరిపే గోళీలు వేసుకోవడం ఇంటింటా ఉన్నదే కదా. మందుల షాపు నుంచి తెప్పించి పిల్ల చేతిలో పెట్టింది. వాటిని డాక్టర్ని అడిగి, తేదీకి కొన్ని రోజుల ముందు నుంచే మొదలుపెట్టాలని తల్లికీ తెలియదు, పిల్లకూ తెలియదు. శ్రావణి తలనొప్పి మాత్ర మింగినట్టు ప్రయాణానికి ముందు రాత్రి ఒకటి మింగి, నిశ్చింతగా పడుకుంది. బండిలో ఆ సంగతి చెబుతుంటే నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తరవాత వస్తుంది. రెండు తిట్లు తిట్టాకే దాని కళ్లలో నీళ్లు చూశాను.

ఎదుటి సీట్లో సీతాఫలాల గంప పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. పిల్ల ఎందుకట్లా ముడుచుకుందని అడిగి, కడుపునొప్పి అని చెప్పగానే కొంగు ముడి విప్పి కాస్త వాము ఇచ్చింది. ఎక్కడికి పోతున్నారంటే ఈత పరీక్షకని చెప్పాను.

"ఈతకు సుత పరీక్ష పెడ్తరా పట్నంల? మునుగుతె ఫేలు, తేలితె పాసా?" అంది.

శ్రావణి ఆ బాధలోనూ ఫక్కున నవ్వింది.

తొమ్మిదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగి, పూరీ తిని, లోకల్ రైలు ఎక్కాం. ఆడవాళ్ల పెట్టెలో చోటు సుఖంగానే దొరికింది. వెనక వచ్చేవారికి ఒక మాట: మేము బస చేసిన కొత్తగూడ పోవాలంటే హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాలి. చివరి స్టేషన్ దాకా పోతే అంతా అక్కడే ఉంటుందనుకుని మేము లింగంపల్లి దాకా పోయి, అక్కడి నుంచి షేర్ ఆటోలో కొండాపూర్ మీదుగా వెనక్కి వచ్చాం. ఆ ట్రాఫిక్‌లో తల ప్రాణం తోకకొచ్చింది. కొత్తగూడలో రోజు కిరాయికి గది ఇచ్చే ఆడపిల్లల హాస్టల్ ఉంది. మూడో అంతస్తు, రెండు మంచాలు, శుభ్రమైన స్నానాల గది. మధ్యాహ్నం సాంబారన్నం, ఆలుగడ్డ వేపుడు పెట్టారు. శ్రావణి నాలుగు మెతుకులు కతికి లేచింది.

పోదామా, వెనక్కి తిరుగుదామా అని అడిగాను. అది నీళ్లు నమిలింది. ఆ రోజుల్లో అది ఎప్పుడూ బావి గట్టు కూడా తొక్కలేదు. బావి గంగమ్మ తల్లి, ముట్టుతో ఆ దరిదాపులకు పోతే నీళ్లు చెడతాయని మా వదిన కట్టడి. అందుకే ఆ స్థితిలో నీళ్లలో దిగితే ఏమవుతుందో దానికి బొత్తిగా తెలియదు. నాకు అసలే తెలియదు. రెండు ప్యాడ్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటే ఏమీ కాదని పెద్దరికంగా చెప్పాను. ఆ సలహా నాదే.

నాలుగింటికి ఆటో మాట్లాడుకుని నానక్‌రామ్‌గూడ బయలుదేరాం. ఆ దారి ఎలా వర్ణించను! అద్దాల మేడలు ఒకదాని వెనక ఒకటి లేస్తూనే ఉన్నాయి. ఒక మేడ అద్దంలో ఇంకో మేడ, దానిలో మబ్బులు. తలెత్తి చూసీ చూసీ మెడ పట్టేసింది. అంత ఎత్తున కిటికీలు ఎవరు తుడుస్తారా అనుకుంటుండగానే తాళ్లకు వేలాడుతూ ఇద్దరు తుడుస్తూ కనిపించారు. ఆ మేడల కాళ్ల దగ్గర పాత ఊరు అలాగే ఉంది. ఇరుకు సందులు, పెంకుటిళ్లు, గడపకు పసుపు, వాకిట్లో కోళ్లు. శ్రావణి మాత్రం ఏమీ చూడలేదు, ఒళ్లో సంచీ పట్టుకుని కూర్చుంది.

కొలను చూశాక అదీ తల తిప్పుకోలేకపోయింది. నీలం పలకలు పరిచిన అంత పెద్ద తొట్టి, అడుగున గీసిన గీతలు కూడా కనిపించేంత తేట నీళ్లు, మీద సాయంత్రపు ఎండ. బ్లీచింగ్ వాసన కొద్దిగా వచ్చింది. శిక్షణ ఇచ్చే సుజాత మేడం ఎదురొచ్చారు. తెనాలి వైపు ఆవిడ, మెడలో చిన్న సిలువ, పొట్టిగా కత్తిరించిన జుట్టు. దిగే ముందు ఎవరైనా సరే సబ్బుతో స్నానం చేయాల్సిందేనని చెప్పి, ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు ఇచ్చి శ్రావణిని లోపలికి పంపారు.

బావిలో దిగే ముందు శ్రావణి ఎప్పుడూ వంగి నీళ్లు తాకి కళ్లకద్దుకుంటుంది. ఆ రోజు అద్దుకోలేదు. దొంగలా మెట్లమీంచి దిగింది.

ఒకసారి అటు ఈది వెళ్లింది. తిరిగి వస్తూ మధ్యలో ఆగి, పక్కకు జరిగి, మూలన గోడ పట్టుకుని నిలబడిపోయింది. నేను బెంచీ మీంచి చెయ్యి ఊపాను. చూడలేదు. ఇంతలో నీళ్లలో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే గట్టెక్కడం మొదలుపెట్టారు. అప్పుడు కనిపించింది. నా గొప్ప సలహా, రెండు ప్యాడ్‌లలో ఒకటి, నీళ్లు తాగి దిండులా ఉబ్బి, ఈత దుస్తుల వదులు కాలి అంచులోంచి జారి వచ్చి తేలుతోంది. నన్ను భూమి మింగేస్తే బాగుండునని అంటారే, నాకు ఆ కోరిక నిజంగా కలిగింది.

సుజాత మేడం వల కర్రతో దాన్ని తీసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చారు. ఆ టవర్లలోనే ఉండే మాధవిగారనే ఆవిడ ముందుకొచ్చారు. గట్టిగా అరవలేదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది.

"పిల్లలు ఆడుకునే నీళ్లండీ ఇవి. ఆ రోజుల్లో దిగడం శుభ్రమేనా? అంటురోగాలు రావా?" అన్నారు.

శ్రావణి మూలనుంచి కదల్లేదు. నీళ్లలో నిలబడే ఏడుస్తోంది. నేను బట్టలు సర్దుకుని పోదామనే లేచాను. ఉద్యోగం సంగతి అయిపోయిందనే అనుకున్నాను.

మేడం అందరినీ కూర్చోమన్నారు. ఆవిడ చెప్పింది నాకు గుర్తున్నంతవరకు ఇది. ఈ నీళ్లలో క్రిములను చంపే మందు కలుపుతారు, రోజూ కొలతలు చూస్తారు, నీళ్లు తిరుగుతూ వడపోతలోకి పోతూనే ఉంటాయి. ఒంటిమీది చెమట, నూనె, పిల్లలు తెలియక పోసే ఉచ్చ, అన్నింటికీ కలిపే ఆ ఏర్పాటు. నెలసరి రోగం కాదు, దాని వల్ల పక్కవాళ్లకు అంటేదేమీ లేదు. విరేచనాలు అవుతున్నవాళ్లూ, పచ్చి పుండ్లు ఉన్నవాళ్లూ దిగకూడదు, వాళ్లను మాత్రం తాను ఆపుతానన్నారు. నీళ్లలో ఉన్నంతసేపు ఆ ఒత్తిడికి స్రావం బయటికి రావడం తగ్గుతుంది గానీ ఆగిపోదు, అందుకని ఏదో ఒకటి వాడాలి. ప్యాడ్ మాత్రం పనికిరాదు.

"ప్యాడ్ పుట్టిందే తడి పీల్చడానికండీ. ఏది ఒంటిదో, ఏది కొలనుదో దానికేం తెలుసు?" అన్నారు మేడం.

లోపల పెట్టుకునేవి ఉన్నాయట. కడిగి మళ్లీ మళ్లీ వాడే రబ్బరు కప్పు ఒకటి, అది అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది. వేలెడంత దూది చుట్టకు దారం కట్టిన టాంపన్ ఇంకొకటి. దానికైతే చేతులు సబ్బుతో కడుక్కునే ముట్టుకోవాలి, ఈత అవగానే తీసెయ్యాలి, ఎక్కువసేపు మరిచిపోతే ప్రమాదం. నొప్పి ఎక్కువైతే దిగనే అక్కర్లేదు, అది ఎవరిష్టం వాళ్లది. తాను పోటీల్లో ఈదిన రోజుల్లో నెలసరి వచ్చినప్పుడూ ఈదానని, పతకాల తేదీలకు ఒంటి తేదీలతో పనిలేదని అన్నారు. నేను నోరు తెరుచుకుని విన్నాను. నాకు యాభై దాటాయి, ఇన్నేళ్లలో ఈ సంగతి ఇంత తిన్నగా, తల దించకుండా చెప్పిన మనిషిని చూడలేదు.

మాధవిగారు "అయితే నేను ఇన్నాళ్లూ నెలకు ఐదు రోజులు ఊరికే ఇంట్లో కూర్చున్నానన్నమాట" అన్నారు. ఆ మాటకు ఎవరో నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. ఆవిడే వెళ్లి తువ్వాలు పట్టుకుని శ్రావణిని గట్టెక్కించారు. రేపు ఏడింటికి రమ్మని మేడం దాని భుజం తట్టారు.

హాస్టల్‌కు తిరిగి వస్తుంటే వదిన ఫోన్ చేసింది. గోళీ పనిచేసిందా అని అడిగింది. నాకు అబద్ధం నోటికి రాదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"వద్దు విమలా. పిల్లను తోల్కొని వచ్చెయ్. ముట్టుతోని గంగమ్మల దిగుతె మంచిగ కాదు. గీ కొలువు కాకుంటె ఇంకోటి."

పిల్ల ఇష్టం అన్నాను. వదిన ఫోన్ పెట్టేసింది. శ్రావణి అంతా వింది. ఆటోలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"అత్తమ్మా, నావల్ల నీళ్లు ఖరాబైతయా?"

మేడం చెప్పింది విన్నావు కదా అన్నాను. విన్నా గానీ కడుపులో భయం పోతలేదంది. నాకూ పోలేదు. కానీ ఆటో కొత్తగూడ చౌరస్తాలో ఆగగానే అదే ముందు దిగి, మందుల షాపు ఎక్కడని నన్ను లాక్కుపోయింది. షాపతను పెట్టెను పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టి, అటూ ఇటూ చూసి ఇచ్చాడు, నాటుబాంబు అప్పగించినట్టు.

ఆ తరవాతి గంట చెప్పుకుంటే నవ్వొస్తుంది. అది స్నానాల గదిలో, నేను తలుపు బయట కళ్లద్దాలు పెట్టుకుని పెట్టెలోని కాగితం తెలుగు చేసి చదవడం. ఒళ్లు బిగబట్టొద్దు అని నేను, బిగబట్టక ఏం చెయ్యాలె అని అది. రెండు పాడుచేసింది. మా గొంతులకు పక్కగది అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. ఒక కాలు బకెట్ బోర్లించి దానిమీద పెట్టమని, ఊపిరి వదులుతూ ప్రయత్నించమని తలుపు అవతల నుంచే చెప్పింది. మూడోది కుదిరింది. బయటికొచ్చి గదిలో నాలుగడుగులు వేసి, ఏమీ తెలుస్తలేదంటూ ఆశ్చర్యపోయింది. అలవాటు అయిందని చూసుకుని, పడుకునే ముందు తీసేసింది.

ఆదివారం ఏడింటికి కొలను దగ్గరున్నాం. పరీక్షకు ఇంకా ఇద్దరమ్మాయిలు వచ్చారు. ఇద్దరూ కోచింగులో నేర్చుకున్నవాళ్లు, చేతులు గాలిలో ఎంతో అందంగా తిరుగుతున్నాయి. మాది బావి ఈత. తల పైకెత్తి, నీళ్లు చిమ్ముతూ పోతుంది. వేగంలో శ్రావణి మూడోదిగా వచ్చింది.

తరవాతి పరీక్షకు మేడం నల్లటి రబ్బరు ఇటుకను లోతు వైపు వదిలారు. అది అడుగున పలకల మీద కూర్చుంది. ఒక్క మునకలో పైకి తేవాలి. మొదటి అమ్మాయి సగం దాకా పోయి తేలింది, రెండోసారి తెచ్చింది. రెండో అమ్మాయికీ రెండుసార్లు పట్టింది. శ్రావణి గట్టుమీదికి వచ్చి నిలబడింది. ఒక్క క్షణం నావైపు చూసి, వంగి, నీళ్లు తాకి కళ్లకద్దుకుంది. తరవాత దూకింది.

చిన్నప్పటినుంచీ అది మునగడం నేను వందసార్లు చూశానంటాను గానీ, నిజానికి ఒక్కసారీ చూడలేదు. మా బావిలో నీళ్లు మూసుకున్నాక ఏమవుతుందో ఎవరికి కనిపిస్తుంది? గట్టుమీద నిలబడి దేవుడికి దండం పెట్టుకోవడమే. ఇక్కడ నీళ్లు అద్దంలా ఉన్నాయి. నా పిల్ల తల కిందికి పెట్టి, రెండు కాళ్లూ ఒక్కటి చేసి, తొందర లేకుండా లోతుకు పోతోంది. జుట్టు టోపీలో ఉన్నా, ఒళ్లంతా కప్పి ఉన్నా, అది అదే. చేతులతో నీళ్లను పక్కకు తోసింది, పరదా తొలగించినంత సుళువుగా. అడుగున ఒక్క క్షణం నిలిచింది. ఏ భయమూ లేదు ముఖంలో. ఇటుకను పొట్టకు పొదువుకుని, కాళ్లతో పలకలను తన్ని, ఎండలోకి లేచి వచ్చింది. ఇన్నేళ్లు నా గుండె ఆగిపోయిన ఆ కాసేపూ లోపల ఇంత నెమ్మది ఉందా అనుకున్నాను. కళ్లు తడిసిపోయాయి. ఎవరు చూస్తే నాకేం.

ఆ తరవాత మునిగినట్టు నటించే మనిషిని గట్టుకు లాక్కురావాలి. మునిగే వేషం మాధవిగారు వేస్తానని దిగారు. కొంచెం భారీ మనిషి, పైగా బాగా నటించారు. శ్రావణి ఆవిడ గడ్డం కింద చెయ్యి వేసి అవలీలగా తీసుకొచ్చింది. నీళ్లు అలాగే నీలంగా ఉన్నాయి. నేను వంగి వంగి చూశాను.

తొమ్మిదిన్నరకు మేడం చెప్పారు. నెల రోజులు ఇక్కడే శిక్షణ, ఆ తరవాత ఉద్యోగం. ఈత అందం తాను నేర్పగలనని, నీళ్లడుగున అంత నిదానం మాత్రం నేర్పితే వచ్చేది కాదని అన్నారు. శ్రావణి మొదట బట్టలు మార్చుకునే గదికి పరుగెత్తి, ఆ దూది చుట్ట తీసేసి, స్నానం చేసి వచ్చాకే నన్ను కావలించుకుంది. సోమవారం నుంచే రమ్మన్నారు కాబట్టి దాన్ని హాస్టల్‌లోనే ఉంచి, పక్కగది అమ్మాయికి అప్పగించి, నేను ఒక్కదాన్నే బయలుదేరాను.

ఈసారి తెలివిగా హైటెక్ సిటీ స్టేషన్‌లోనే ఎక్కాను. సికింద్రాబాద్‌లో పెరుగన్నం తిని, మధ్యాహ్నం బండి పట్టుకున్నాను. రెండు రోజుల్లో ఆకాశాన్నంటే మేడలు చూశాను. చుట్టాలు అడుగుతారు, ఏం చూశావని. మేడలే చెబుతాను కాబోలు. కానీ నాకు కళ్లు మూసుకుంటే కనిపించేది ఆ నీళ్లలో కిందికి పోతున్న పిల్లే. మనిషి ఒళ్లు అంత అద్భుతమా అని ఇంకా విస్మయంగానే ఉంది.

భువనగిరి గుట్ట కనిపించే వేళకు వదిన ఫోన్. ఉద్యోగం సంగతి శ్రావణి చెప్పే ఉంటుంది. తిడుతుందని సిద్ధపడి ఎత్తాను. తిట్టలేదు.

"ఆ నీళ్లకేం కాలేదా?" అంది.

ఏమీ కాలేదని, మేము బయలుదేరేసరికి చిన్నపిల్లలు దిగి ఆడుకుంటున్నారని చెప్పాను. అవతల ఆమె తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది.

"నాకు సుత ఈత అస్తది విమలా."

వదిన మా ఇంటికి వచ్చి పాతికేళ్లయింది. ఆమె బావి గట్టున కూర్చోవడం కూడా నేను చూడలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. అమ్మగారి ఊళ్లో బావి, పెద్దమనిషి అయిన యేడు, ఎండాకాలం. ఉక్కకు తాళలేక, ఎవరికీ చెప్పకుండా, ముట్టుతోనే దిగిందట. హాయిగా ఈదుకుని వచ్చిందట.

"ఆ నెలల్నే బాయి ఎండింది. నాయిన వరి మొత్తం పాయె. నావల్లనే ఎండిందనుకున్న. గిప్పటిదాంక ఎవ్వలకు చెప్పలే."

బిడ్డను గట్టు తొక్కనివ్వని కట్టడి ఎక్కడిదో నాకప్పుడు తెలిసింది. ఒక్కటే అడిగాను, ఆ యేడు ఊళ్లో మీ ఒక్క బావే ఎండిందా వదినా అని.

ఆమె ఆలోచించింది. బండి రెండు మూడు గేట్లు దాటింది.

"లే," అంది. "అన్నీ ఎండినయి."

జనగామ వచ్చేదాకా ఇద్దరం ఫోన్ పెట్టలేదు.